"ద గ్రోవ్" ఎపిసోడ్‌లో కెరోల్‌కి వేరే దారి లేదా?

మీ ప్రశ్న ఇది. జాంబీల టీవీ సిరీస్ ద వాకింగ్ డెడ్ నాలుగో సీజన్‌లో 14వ ఎపిసోడ్ "ద గ్రోవ్"ని అందరూ నెత్తిన పెట్టుకుంటున్నారు, మీకు మాత్రం చిన్నపిల్లని చంపించి జనానికి షాక్ ఇవ్వడానికే తీసినట్టు అనిపించింది. ఇందులో అంత గొప్పేముంది, కెరోల్ ఆ పిల్లని కాల్చకుండా ఉండే దారే లేదా అని అడిగారు. జవాబులో కథంతా వచ్చేస్తుంది కాబట్టి చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

నేను విశాఖలో సైకియాట్రీ వార్డులో స్టాఫ్ నర్సుని. జాంబీ సిరీస్‌లు నాకై నేను పెట్టుకుని చూసే రకం కాదు. మా తమ్ముడు చూస్తుంటే పక్కన కూర్చునేదాన్ని, తలలు పగిలే సీన్ రాగానే ఫోన్ తీసుకునేదాన్ని. ఈ ఎపిసోడ్‌కి మాత్రం ఫోన్ ముట్టుకోలేదు, అది అయ్యాక ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేకపోయాం. ఆ తర్వాత ఒక్కదాన్నే కూర్చుని మళ్ళీ చూశాను. నా జవాబు ఆ రెండోసారి చూసినప్పుడు తట్టిందే: ఆ ఎపిసోడ్‌లో అసలు ఘోరం తుపాకీ పేలిన చోట లేదు, అంతకు చాలా ముందే జరిగిపోయింది, అదీ మన కళ్ళ ముందే.

ముందు కథ రెండు ముక్కల్లో. గవర్నర్ అనే శత్రువు దాడితో వీళ్ళంతా తలదాచుకున్న జైలు కూలిపోయి అందరూ తలో దిక్కూ అయిపోయారు. కెరోల్, టైరీస్, తండ్రిని పోగొట్టుకున్న అక్కాచెల్లెళ్ళు లిజ్జీ, మికా, ఇంకా చంకలో పసిపాప జూడిత్, ఈ ఐదుగురూ రైలు పట్టాల వెంబడి టెర్మినస్ అనే ఆశ్రయం వైపు నడుస్తుంటారు. దారిలో పీకన్ తోటలో ఒక ఇల్లు దొరుకుతుంది. బావి ఉంది, పొయ్యి ఉంది, పడుకోవడానికి పైకప్పు ఉంది. ఇక్కడే ఉండిపోదామా అని టైరీస్ అంటాడు. లిజ్జీకి ఒక నమ్మకం: వాకర్లు, అంటే ఈ సిరీస్‌లో జాంబీలు, చచ్చినవాళ్ళు కాదు, వేరేలా మారినవాళ్ళు, అంతే. ఆ నమ్మకం అందరికీ చూపించాలని చెల్లెలు మికాని కత్తితో పొడిచి చంపి, "తిరిగొస్తుంది, మెదడు జోలికి పోలేదు" అంటుంది (ఆ లోకంలో మెదడు దెబ్బతినకపోతే చచ్చినవాళ్ళు వాకర్లుగా లేస్తారు). తర్వాత వంతు జూడిత్‌ది. అప్పుడు కెరోల్ లిజ్జీని పూలు కోద్దాం రమ్మని బయటికి తీసుకెళ్ళి కాల్చేస్తుంది.

ఇలా రాస్తే మీరన్నట్టు షాక్ కోసమే తీసినట్టే ఉంటుంది. అందుకే ఎపిసోడ్ మొదటి సీన్ గురించి చెప్పాలి. కెమెరా వంటింట్లో ఉంటుంది. పొయ్యి మీద కెటిల్, పక్కన ఏదో పాత పాట వస్తోంది, కిటికీలోంచి దూరంగా ఒక పిల్ల ఎవరితోనో ముట్టుకునే ఆట ఆడుతూ పరిగెడుతోంది. హాయిగా ఉంది అనుకునేలోపు ఆడేది వాకర్‌తో అని తెలుస్తుంది, అప్పుడే కెటిల్ కూత అందుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు భయపెట్టడానికి పెట్టిన సీన్ అనుకుంటాం. కాస్త తర్వాత అదే సంగతి మళ్ళీ వస్తుంది, కెరోల్ పరిగెత్తుకొచ్చి ఆ వాకర్‌ని చంపుతుంది, లిజ్జీ గుండెలు పగిలేలా ఏడుస్తుంది. నా స్నేహితురాలిని చంపేశావు, అది ఆడుకోవాలనుకుంది అంతే, నిన్ను చంపితే నీకెలా ఉంటుంది అని అరుస్తుంది. లిజ్జీగా చేసిన బ్రైటన్ షార్బినోకి అప్పటికి పట్టుమని పదకొండేళ్ళు, ఆ గొంతులో నటన వినపడదు. ఆ ఏడుపు అల్లరి పిల్ల ఏడుపు కాదు, దగ్గరి మనిషి చచ్చిపోతే వచ్చే ఏడుపు. అది విన్నాక ఏ పెద్దమనిషైనా ఆగి కూర్చుని ఆ పిల్లని మాట్లాడించాలి. ఎవరూ కూర్చోరు.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి కొంచెం చెప్తాను. మా ఓపీకి ఒకసారి ఒక పాపని తీసుకొచ్చారు, ఊరూ పేరూ చెప్పను, కొన్ని వివరాలు మార్చాను కూడా. వాళ్ళ నాన్నమ్మ పోయింది, ఈ పాప మాత్రం రోజూ కంచంలో అన్నం కొంచెం పక్కన తీసి పెరట్లో పెట్టి వస్తోంది, నాన్నమ్మ తింటోంది అంటోంది. ఇంట్లోవాళ్ళు ముందు బుజ్జగించారు, తర్వాత కోప్పడ్డారు, ఆఖరికి శ్మశానానికి కూడా తీసుకెళ్ళి చూపించారు. ఏదీ పనిచెయ్యలేదు, పాప అన్నం పెట్టడం మానలేదు, ఎవరూ చూడకుండా పెట్టడం నేర్చుకుంది. డాక్టరుగారు ఆ పాపతో వాదన పెట్టుకోలేదు. నాన్నమ్మ ఏం కూర అడుగుతుంది, నీతో ఏం చెప్తుంది, ఆమె ఎప్పుడు రాదు అని మెల్లగా అడుగుతూ పోయారు. చాలాసేపటికి ఆ పాప నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, ఆ రోజు నాన్నమ్మ ఆకలి అంటే తను టీవీ చూస్తూ లేవలేదట. అంతే, అసలు విషయం అది. ఆ పాపకి జబ్బేమీ లేదు, దుఃఖం ఉంది, దాన్ని పెట్టుకోవడానికి చోటు లేదు. కొందరు పిల్లల్లో ఇది నిజంగానే జబ్బు అవుతుంది, చిన్న వయసులో అది అరుదు, దానికి మందులు కావాలి, ఏళ్ళ తరబడి చూసుకోవాలి. కానీ రెండింట్లోనూ మొదటి మెట్టు ఒకటే, పిల్ల ఏం నమ్ముతోందో పూర్తిగా వినడం. "అది తప్పు" అని గట్టిగా చెప్పినంత మాత్రాన నమ్మకం పోదు, కనపడకుండా లోపలికి దూరుతుంది.

లిజ్జీకి జరిగింది అచ్చం ఇదే. జైల్లో ఉన్నప్పుడే కంచె దగ్గర వాకర్లకి పేర్లు పెట్టింది, ఎలుకలు తెచ్చి వేసింది. ఎవరు వేస్తున్నారో ఎవరికీ తెలియలేదు. తోటకి వచ్చాక కూడా పట్టాల మీద ఇరుక్కున్న వాకర్‌కి ఎలుకని తినిపిస్తూ చెల్లెలికి దొరికిపోతుంది, అప్పుడు అనే మాట మీకు గుర్తుందో లేదో, వాళ్ళు నాతో మాట్లాడతారు, నేను వాళ్ళలా మారాలని అడుగుతున్నారు అని. చెయ్యి తీసుకెళ్ళి దాని నోటి దగ్గర పెట్టబోతుంది కూడా. ఆ లోకంలో ఆ పిల్ల ఆలోచన ఎక్కణ్ణుంచి పుట్టిందో కూడా చూడండి. చచ్చినవాళ్ళు లేచి నడవడం రోజూ కళ్ళతో చూస్తున్న పిల్ల అది. చావంటే తిరిగి రాకపోవడం అని మన పిల్లలకి చెప్తాం, వాళ్ళు నమ్ముతారు, ఎందుకంటే ఎవరూ తిరిగి రారు. లిజ్జీకి అలా ఎవరు చెప్పగలరు? ఆమె చూస్తున్నది వేరు కదా. ఈ సిరీస్ 2010 నుంచి 2022 దాకా 177 ఎపిసోడ్లు నడిచింది, ఈ లోకంలో పెరిగే పిల్ల బుర్ర ఎలా తయారవుతుంది అనే ప్రశ్నని ఇంత సూటిగా అడిగిన ఎపిసోడ్ నాకింకోటి కనపడలేదు.

ఇక కెరోల్. ఆమెని తిట్టే ముందు రెండో సీజన్ గుర్తు చేసుకోవాలి. కూతురు సోఫియా తప్పిపోయింది, అందరూ వెతికారు, చివరికి హెర్షెల్ అనే రైతు కొట్టంలోంచి వాకర్‌గా బయటికొచ్చింది. మెత్తగా పెంచినందుకే నా కూతురు పోయింది అని కెరోల్ మనసులో ఎక్కడో గట్టిపడిపోయింది. ఈ ఎపిసోడ్‌లోనే రాత్రి కాపలా కూర్చున్నప్పుడు లిజ్జీ సోఫియా గురించి అడుగుతుంది, తనలో ఒక్క చెడ్డ గుణం లేదు అని కెరోల్ అంటుంది, అందుకేనా ఇప్పుడు లేనిది అని పిల్ల అడిగితే అవును అంటుంది. పిల్ల అడిగిన మాట, తల్లి ఇచ్చిన జవాబు, ఆ రెండు లైన్లలో ఎపిసోడ్ అంతా ఉంది. మంచిగా ఉంటే చస్తావు, చంపగలిగితే బతుకుతావు అని లిజ్జీకి ఎక్కించిన పాఠం అదే. జైల్లో కథలు చదివే క్లాసు పేరుతో పిల్లలకి కత్తి పట్టడం నేర్పింది కూడా ఈమే.

దీంతో కెరోల్ భయమంతా మికా వైపు తిరిగింది. మికాకి వాకర్‌ని కాల్చడం వచ్చు, ఇంటి దగ్గరికి వచ్చినదాన్ని తనే కాలుస్తుంది కూడా. మనుషులని మాత్రం చంపలేనంటుంది. వేటకి తీసుకెళ్తే ఎదురుగా జింక నిలబడినా ట్రిగ్గర్ నొక్కదు. ఈ పిల్ల ఎలా బతుకుతుంది అని కెరోల్ బెంగపెట్టుకుంటుంది. లిజ్జీ జైల్లో టైరీస్‌ని కాపాడటానికి మనుషుల మీద కాల్పులు జరిపింది కదా, ఆమె గట్టిది, ఫర్వాలేదు అనుకుంటుంది. చూస్తున్న నాకు ఒళ్ళు జలదరించింది. ఎవరిని గురించి బెంగపడాలో వాళ్ళని వదిలేసి, ఆ ఐదుగురిలో అందరికన్నా బుద్ధి నిలకడగా ఉన్న పిల్లని మార్చాలని చూస్తోంది. మా వార్డు బయట కూడా ఇదే చూస్తుంటాను, ఏడ్చే పిల్లని డాక్టరు దగ్గరికి తెస్తారు, ఏడవని పిల్లకి ఏమీ లేదనుకుంటారు.

మికాకి మొదటి నుంచీ అంతా తెలుసు. అదే సీజన్ రెండో ఎపిసోడ్‌లో తండ్రి చనిపోయాక ఆయన వాకర్‌గా లేవకుండా తలలో కత్తి దింపాల్సి వస్తే లిజ్జీ ఆ పని చెయ్యలేకపోతుంది. తర్వాత కెరోల్ నువ్వు బలహీనురాలివి అని లిజ్జీని అంటే మికా చెప్తుంది, ఆమె బలహీనం కాదు, ఆమె మనసు బాగోలేదు అని. పదేళ్ళ పిల్ల అంత తేటగా చెప్పింది! అక్క ఊపిరందక గింజుకుంటుంటే పూల వైపు చూడు, లెక్కపెట్టు అని ఊరడించేది కూడా మికానే. కెరోల్ చివర్లో వాడిన "పూల వైపు చూడు" అనే మాట మికాదే. చెల్లెలు అక్కని నిలబెట్టుకోవడానికి వాడిన మాట అది, కెరోల్ నోట్లో అది ఆఖరి మాట అయింది. నాకు కన్నీళ్ళు ఆగనిది ఇక్కడే. ఆ క్షణంలో కూడా లిజ్జీ ఏడుస్తూ అడిగేది ఒక్కటే, నీ మీద తుపాకీ ఎత్తానని నా మీద కోపమా అని. తను ఏం చేసిందో ఆమెకి ఇంకా తెలియదు.

సరే, మీ అసలు ప్రశ్న. వేరే దారి లేదా? ఆ రోజుకి, ఆ ఇంట్లో లేదనే నేను అనుకుంటున్నాను. మందు లేదు, ఆసుపత్రి లేదు, తాళం వేసి రాత్రంతా చూసుకోవడానికి మనుషులు లేరు, పక్క గదిలో పసిపాప ఉంది, ఇద్దరిలో ఒకరు కునుకు తీసినా పాప పోతుంది. ఒకరు లిజ్జీని తీసుకుని వేరే వెళ్ళిపోవడం అన్న మాట కూడా కెరోల్, టైరీస్ మధ్య వస్తుంది, ఆమె మనుషుల మధ్య ఉండకూడదు అంటుంది కెరోల్. మా వార్డులో ఒక పేషెంటుకి ఎంతమంది అవసరమో నాకు తెలుసు కాబట్టి ఆ మాటని కొట్టిపారెయ్యలేను. ఒప్పుకోలేను కూడా. కానీ కొన్ని వారాల ముందు, జైల్లో ఉన్నప్పుడు, లిజ్జీ వాకర్ల గురించి చెప్పేది ఎవరైనా విని ఉంటే దారి ఉండేది. ఎపిసోడ్ మనకి చూపించేది అదే, అందుకే ఇది షాక్ కోసం తీసింది కాదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. పసిపాప జూడిత్‌ని ఈ ఇద్దరు పిల్లల దగ్గర వదిలేసి పెద్దవాళ్ళిద్దరూ కలిసి వెళ్ళిపోవడం నమ్మేలా లేదు, కథకి అవసరం కాబట్టి వెళ్ళారంతే. టైరీస్ చేతి గాయం అంత చెడిపోయినట్టు చూపించి తర్వాత పట్టించుకోలేదు. ఇంకోటి నాకు వృత్తిరీత్యా బాధ కలిగించేది: మనసు బాగోలేని మనిషి అంటే ప్రమాదం అని చూసేవాళ్ళకి ముద్ర పడిపోతుంది. నిజ జీవితంలో తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ళు దాడి చేసేవాళ్ళకన్నా దెబ్బలు తినేవాళ్ళే ఎక్కువ. ఈ ఎపిసోడ్ చూసి పక్కింటి పిల్లని చూసి భయపడకండి అని ఎక్కడ అవకాశం వచ్చినా చెప్తుంటాను.

కామిక్స్‌లో ఇదే సంగతి వేరేలా ఉంటుంది. అక్కడ బెన్, బిల్లీ అని కవల పిల్లలు, బెన్ తన తోడబుట్టినవాణ్ణి చంపేస్తాడు, పెద్దవాళ్ళు ఏం చెయ్యాలో తేల్చుకోలేకపోతే హీరో రిక్ కొడుకు కార్ల్ రాత్రి వెళ్ళి బెన్‌ని కాల్చేస్తాడు. టీవీలో ఆ భారం తల్లి లాంటి మనిషి మీద పెట్టారు, రాసింది ఆ సీజన్‌కి షోరన్నర్‌గా, అంటే సిరీస్‌ని నడిపించే ప్రధాన రచయితగా ఉన్న స్కాట్ గింపుల్. ఆ మార్పు వల్లే చివర్లో వచ్చే బల్ల సీన్ సాధ్యమైంది. పిల్లలిద్దర్నీ పూడ్చాక కెరోల్, టైరీస్ ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యలో జిగ్సా పజిల్ ముక్కలు. కెరోల్ తుపాకీని బల్ల మీద అతని వైపు జరిపి, కేరెన్‌ని, డేవిడ్‌ని చంపింది నేనే, నువ్వేం చేసినా సరే అంటుంది. కేరెన్ టైరీస్ ప్రేమించిన మనిషి, ఆమెనీ డేవిడ్‌నీ జైల్లో ఎవరో చంపారని మాత్రమే అతనికి తెలుసు. టైరీస్ తుపాకీ మీద చెయ్యి పెడతాడు, వేళ్ళు బిగుస్తాయి. కేరెన్‌కి తెలిసిందా, భయపడిందా అని అడుగుతాడు. క్షమించాను అంటాడు, మర్చిపోను అని కూడా అంటాడు. టైరీస్‌గా చాడ్ కోల్‌మన్, కెరోల్‌గా మెలిస్సా మెక్‌బ్రైడ్ ఇద్దరూ అరవకుండా, దాదాపు కదలకుండా చేశారు. ఈ సిరీస్‌లో ఎన్ని వేలమంది వాకర్లు పడిపోయినా నాకు అంత టెన్షన్ రాలేదు.

మళ్ళీ చూసే ఓపిక ఉంటే ఒక పని చెయ్యండి. నాలుగో సీజన్ మొదటి రెండు ఎపిసోడ్లు చూసి, పదో ఎపిసోడ్‌లో జూడిత్ ఏడుపు ఆపడానికి లిజ్జీ నోరు మూసే సీన్ చూసి, నేరుగా 14కి రండి. ఈసారి కెరోల్‌ని వదిలేసి మికా మాటలు మాత్రం వినండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్ళు పడుకున్నాకే పెట్టుకోండి. చూశాక మీ అభిప్రాయం మారకపోతే అదీ రాయండి, మా తమ్ముడు కూడా ఇప్పటికీ మీ పక్షమే.