టెక్ సందేహాలు: ఇంటర్వ్యూ మధ్యలో రెండో సిమ్ మోగితే?

ప్రశ్న: బీటెక్ అయింది. వచ్చే వారం టీమ్స్‌లో ఇంటర్వ్యూ. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు, ఫోన్ హాట్‌స్పాట్‌తోనే ల్యాప్‌టాప్ నడపాలి. ఫ్రెండుతో ట్రయల్ వేస్తే, సిగ్నల్ ఫుల్లుగా ఉన్నా మధ్యలో బొమ్మ బిగుసుకుపోతోంది. ఫోన్లో రెండు సిమ్‌లున్నాయి. ఏటి చెయ్యమంటారండి?
- ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: నా అనుమానం ఆ రెండో సిమ్ మీదే. మన చేతుల్లో ఉండే రెండు సిమ్‌ల ఫోన్లలో చాలావాటికి ఒక సిమ్‌లో కాల్ నడుస్తుంటే రెండో సిమ్‌లో నెట్ ఆగిపోతుంది. మీరు కాల్ ఎత్తక్కర్లేదు, మోగినంతసేపూ ఆగినా ఆగుతుంది. డూ నాట్ డిస్టర్బ్ పెట్టాను కదా అనుకోకండి. అది మోత ఆపుతుంది తప్ప కాల్ రాకుండా ఆపదు. మేనమామగారు ‘ఇంటర్వ్యూ ఎలా అవుతోందిరా’ అని ఫోన్ చేశారంటే, అక్కడితో మీ బొమ్మ ఆగినట్టే!

కాబట్టి ఇంటర్వ్యూకి అరగంట ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, నెట్ లేని సిమ్‌ని ఆఫ్ చేసేయండి. ఇక్కడో చిక్కుంది. రెజ్యూమేలో ఇచ్చింది ఆ నంబరే అయితే, లింకు పనిచేయక హెచ్‌ఆర్ వాళ్లు ఫోన్ చేసినా మీకు అందదు. అందుకే ఆఫ్ చేసే ముందే ఆ నంబర్‌కు వచ్చే కాల్స్ అన్నీ ఇంట్లోవాళ్ల ఫోన్‌కి వెళ్లేలా ఫార్వర్డింగ్ పెట్టండి. సిమ్ ఆఫ్‌లో ఉన్నా అది పనిచేస్తుంది. నెట్ వాడే సిమ్‌కి వోల్టీ (4జీ మీదే కాల్ నడిపే సదుపాయం) ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే కాల్ రాగానే ఫోన్ 2జీకో 3జీకో దిగిపోతుంది, నెట్ పోతుంది.

ఇంకో మాట. హాట్‌స్పాట్ బదులు కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లైను నిలకడగా ఉంటుంది, ఫోన్ ఛార్జ్ కూడా అవుతుంది. గంట వీడియో కాల్‌కి అర జీబీ నుంచి ఒక జీబీ పైదాకా ఖర్చవుతుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ అయితే ఇంటర్వ్యూ రోజు పొద్దున్న రీల్స్ జోలికి పోకండి. ల్యాప్‌టాప్‌లో ఆ కనెక్షన్‌ని ‘మీటర్డ్’ (అంటే లెక్కగా వాడాల్సిన నెట్) అని పెడితే విండోస్ అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి.

ప్రశ్న: చాట్‌జీపీటీ రాసిచ్చిన సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టాను. ఇంటర్వ్యూ జరుగుతుండగానే జవాబులు చూపించే యాప్ వాడొచ్చా?
- ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: ఆ యాప్ వద్దమ్మా. మీ కళ్లు పక్కకి వెళ్లి వరసలు చదవడం అవతలివాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. స్క్రీన్ షేర్ చేయమన్నారంటే ఇక చెప్పేదేముంది! చాట్‌జీపీటీతో వేరే పని చేయించుకోండి. ఉద్యోగ ప్రకటన మొత్తం అందులో పెట్టి, ‘ఒక్కో ప్రశ్నే అడుగు, నేను చెప్పాక తప్పులు చెప్పు’ అని వాయిస్ మోడ్‌లో మాట్లాడండి. మీ ప్రాజెక్టులో మీరు నిజంగా చేసిన భాగం మీదే ఎక్కువ ప్రశ్నలు అడిగించుకోండి. బట్టీ పట్టినవాళ్లు దొరికిపోయేది అక్కడే. రెజ్యూమే అందులో పెట్టేటట్టయితే ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు తీసేయండి.

ప్రశ్న: ‘మీరు సెలెక్ట్ అయ్యారు, ల్యాప్‌టాప్ డిపాజిట్ కట్టండి’ అని వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైల్ (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైల్) పంపారు. తమ్ముడు కట్టేద్దామంటున్నాడు.
- రాజాం

జవాబు: వద్దంటే వద్దు. ఉద్యోగమిచ్చేవాడు జీతమిస్తాడు గానీ డిపాజిట్ అడగడు. ఆ ఫైల్ ఇన్‌స్టాల్ చేయకండి. డబ్బు ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఫోన్లో చేసిన రెజ్యూమే వేరే కంప్యూటర్‌లో అడ్డదిడ్డంగా తెరుచుకుంటోంది.
- పలాస

జవాబు: వర్డ్ ఫైల్ పంపుతున్నట్టున్నారు. మీ ఫోన్లో ఉన్న ఫాంటు అవతల లేకపోతే వరసలు చెదిరిపోతాయి. గూగుల్ డాక్స్ యాప్‌లో మూడు చుక్కలు నొక్కి, ‘షేర్ అండ్ ఎక్స్‌పోర్ట్’లో ‘సేవ్ యాజ్’ ఎంచుకుని పీడీఎఫ్ చేసి పంపండి. ఫైల్‌కి మీ పేరు పెట్టండి. ‘రెజ్యూమే ఫైనల్ ఫైనల్ 2’ అని పంపితే వాళ్ల దగ్గర అలాంటివి ఇంకెన్నో ఉంటాయి.