జరిమానా కట్టిన కేసును ఉద్యోగం ఫారంల రాయాల్నా?

ఊర్లె కొట్లాట కేసుల నాలుగేండ్ల కింద కోర్టుల జరిమానా కట్టిండట ఈ తమ్ముడు. ఇప్పుడు సర్కారు నౌకరి వచ్చేటట్టున్నది, ఆ సంగతి రాస్తే ఉద్యోగం పోతదా అని అడుగుతున్నడు.

రాయి. నల్లగొండ కోర్టు దగ్గర నాది జిరాక్సు, టైపింగు దుకాణం. వకీలును కాను గని, సర్కారు నౌకరికి ముందు మన వివరాలు, కేసులు అడిగే అటెస్టేషన్ ఫారాలు నేను చూసినన్ని ఏ వకీలూ చూసి ఉండడు.

కానిస్టేబుల్ సెలక్షన్ల టైంల దేవరకొండ దిక్కు పోరడొకడు మేనమామతోటి వచ్చిండు. ఫారం మూడు సెట్లు నింపాలె. పేరు, చదివిన బడులు, ఉన్న ఊర్లు అన్నీ గుండ్రటి అక్షరాలతోటి రాసుకుంట వచ్చిండు. అరెస్టయినవా, కేసు నడిచిందా, బైండోవర్ చేసిన్రా, కోర్టు జరిమానా ఏసిందా, శిక్ష పడ్డదా అనే కాడికి రాంగనే పెన్ను ఆగింది. "లేదని కొట్టురా, అయిపోయిన కేసుకు ఇప్పుడు లొల్లెందుకు" అంటడు మేనమామ. పోరడు మాట్లాడకుంట రేషన్ కార్డు కవర్ల నుంచి ఒక రసీదు తీసిండు. మడతల కాడ చినిగింది, సిరా ఎలిసిపోయింది. పీర్ల పండుగ నాడు అలాయి కాడ తోపులాటైతే కొట్టి దెబ్బలు తగిలిచ్చినందుకు పెట్టే పాత ఐపీసీ 323 సెక్షను కింద కేసు పెట్టిన్రట. "ఒప్పుకో, ఐదు వందలతోటి పోతది, వాయిదాలకు తిరుగుడు తప్పుతది" అన్నడట వకీలు. వీడు ఒప్పుకున్నడు.

నాకు మండేది గీడనే. ఐదు వందలతోటి పోయింది వాయిదాలే, కేసు కాదు. నేరం ఒప్పుకొని జరిమానా కడితే శిక్ష పడ్డట్టే లెక్క. అదే లోక్ అదాలత్‌ల రాజీ పడ్డరనుకో, చట్టం లెక్కల నిర్దోషే. 323 రాజీకి వీలున్న సెక్షనే. పెద్దమనుషులు రెండు పార్టీలను కూసోబెడితే ఒక్క పూట పని. చదువుకునే పోరగాండ్లకు ఆ ముక్క చెప్పనీకె ఈ వకీళ్లకు ఏం రోగమో!

తీర్పు నకలుకు దరఖాస్తు పెట్టిపించిన. ఫారంల కేసు (సీసీ) నంబరు, కోర్టు, సెక్షను, తీర్పు తారీఖు, జరిమానా అన్నీ రాయించిన. అప్పటికి వయసెంత, తగిలిన దెబ్బలు ఎంతటివి, ఆ తర్వాత ఇంకో కేసు లేదు అని ఒక పేజీ వివరణ నేనే టైపు కొట్టి జతచేసిన. సంజాయిషీ అడిగిన్రు, జర ఆలస్యమైంది, గని ట్రైనింగుకైతే పోయిండు. ఇప్పుడు యూనిఫారం మీదనే నా దుకాణానికొచ్చి జిరాక్సులు తీసుకపోతడు.

దాస్తే దొరకదనుకునేటోళ్లకు ఒకటే చెప్త. పోలీసు స్పెషల్ బ్రాంచ్ వాళ్లు ఠాణాల రికార్డు చూస్తరు, ఊర్లె అడుగుతరు. కోర్టు కేసులు చూపెట్టే ఈ-కోర్ట్స్ సైట్ల పేరు కొడితే ఎవ్వలైనా చూడొచ్చు. ఉద్యోగం ఫారంల కేసు దాచిన సంగతి మీద నడిచిన అవతార్ సింగ్ కేసుల 2016ల సుప్రీంకోర్టు ఇట్ల చెప్పింది: చిన్న వయసుల జరిగిన చిన్న కేసైతే, దాచినా సరే, అధికారి క్షమించొచ్చు, పెద్ద కేసు దాస్తే ఉద్యోగం తీసెయ్యొచ్చు. నిజం రాసినా తీసుకునుడు, తీసుకోకపోవుడు డిపార్ట్‌మెంటు ఇష్టమే అని కూడ అన్నది. అయినా చిన్న కేసు ఉన్నదున్నట్టు రాసినోని నౌకరి పోయింది నేనైతే చూడలే.

ఎమ్మెల్యేకు నిలబడేటోళ్లు అఫిడవిట్ల కేసుల చిట్టా రాసి, పేపర్ల ప్రకటన ఏపిచ్చి, మెడల దండలతోటి తిరుగుతరు. కొన్ని నేరాలు తప్పితే, రెండేండ్ల శిక్ష పడితేనే వాళ్లకు అడ్డం. మన పోరనికి ఐదు వందల జరిమానాకే నిద్ర పట్టదు. ఇది న్యాయమా అంటే నా దగ్గర జవాబు లేదు.

జడ్చర్ల, చౌటుప్పల్ దిక్కు ప్రైవేటు కంపెనీల సంగతి వేరే. వాళ్ల కాగితం మీద ఏం అడిగిన్రో దానికే జవాబియ్యి. శిక్ష పడ్డదా అని అడిగితే, కొట్టేసిన కేసును నువ్వై తవ్వి పెట్టే పని లేదు. సెక్యూరిటీ గార్డు పనికైతే 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం ఏజెన్సీ వెరిఫికేషన్ చేయించాల్సిందే, ఆడ మాత్రం ముందే చెప్పుడు మేలు. పద్దెనిమిది నిండకముందు జువైనల్ బోర్డుల నడిచిన కేసైతే మామూలుగ అది ఉద్యోగానికి అడ్డం రాదు, 2015 జువైనల్ చట్టం 24వ సెక్షన్ చదువుకో.

నీ దగ్గర తీర్పు నకలు ఉన్నదో లేదో రాయలే నువ్వు. లేకుంటే రేపే పోయి కాపీ దరఖాస్తు పెట్టు. ఫారం చేతికొచ్చినంక గడువు తక్కువుంటది, పాత ఫైలు రికార్డు రూముల నుంచి బయటికి రానీకె వాళ్ల టైం వాళ్లు తీసుకుంటరు. రసీదు ఒక్కటి పెడితే సరిపోదు.