దుకాణంల కలిసిన జాకెట్టు పందిట్ల ఎందుకు కలవలే?

ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల సగం బట్టల రంగుల గురించే ఉన్నయి. అద్దకం ఇంట్ల పుట్టి, తర్వాత రంగుల ల్యాబుల చాన ఏండ్లు పనిచేసినదాన్ని కాబట్టి మొదటి జవాబు జర పొడుగైంది, ఏమనుకోకండి.

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ. మా తమ్ముని పెండ్లికి నెమలి రంగు పోచంపల్లి పట్టుచీర తీసుకున్న. మ్యాచింగ్ సెంటర్ల గంటసేపు నిలబడి పది ముక్కలు పక్కన పెట్టి చూసి జాకెట్ గుడ్డ కొన్న, అక్కడున్నోళ్ళందరు అచ్చం ఒక్కటే రంగు అన్నరు. పెండ్లినాడు పొద్దున పందిట్ల చూస్తే చీరేమో నీలంగ, జాకెట్టేమో ఆకుపచ్చగ కొడుతున్నది. రాత్రి మళ్ళ ఇంట్ల ట్యూబ్ లైట్ కింద చూస్తే రెండు ఒక్కటే! దుకాణమాయన మోసం చేసిండా, నా కండ్లల్ల ఏమన్న తేడా ఉన్నదా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: చెల్లె, నీ కండ్లు మంచిగనే ఉన్నయి, దుకాణమాయన గూడ గుడ్డ మార్చలే. రాత్రి ట్యూబ్ లైట్ కింద మళ్ళ కలిసినయి అని రాసినవు చూడు, అండ్లనే జవాబు ఉన్నది. దీన్ని రంగులోళ్ళు మెటామెరిజం అంటరు, అంటే ఒక వెలుతుర్ల ఒక్కతీరుగ కనపడే రెండు రంగులు ఇంకో వెలుతుర్ల విడిపోవుడు.

ఎందుకైతదంటే, మన కంట్ల రంగు పట్టే కణాలు మూడే రకాలు. బట్ట మీద పడ్డ వెలుగుల కొంత రంగు మింగుతది, మిగిలింది కంట్లకొస్తది, ఆ మూడు రకాల కణాలు ఎంతెంత కదిలినయో ఆ మూడు లెక్కలే మెదడుకు పోతయి. వెలుగుల ఏ భాగం ఎంత వచ్చిందన్న పూర్తి వివరం మెదడుకు తెల్వదు. రెండు కిరాణా చీటీలు అనుకో, ఒకదాంట్ల బియ్యం పప్పు, ఇంకోదాంట్ల నూనె చక్కెర, కింద మొత్తం మాత్రం రెండిట్ల ఒక్కటే. మొత్తం ఒక్కటే చూసేటోళ్ళకు రెండు చీటీలకు తేడా లేదు. రేపు నూనె రేటు పెరిగితే ఒక చీటీ మొత్తం పెరుగుతది, ఇంకోటి అట్లనే ఉంటది. ఇక్కడ రేట్లు మార్చేది లైటు. ఎండల అన్ని రంగుల వెలుగు వరుసగ ఉంటది, ట్యూబ్ లైట్ల కొన్ని రంగులు పొడుసుకొచ్చినట్టు ఎక్కువ ఉండి మధ్యల ఖాళీలు ఉంటయి, తెల్ల ఎల్ఈడీల చాన వరకు నీలం వెలుగుకు పసుపు పూత కలిపి తెలుపు చేస్తరు కాబట్టి ముదురు ఎరుపు తక్కువ పడుతది.

ఇగ నీ చీర పట్టు, పట్టుకు మామూలుగ యాసిడ్ రంగులు వేస్తరు. జాకెట్ గుడ్డ పాలిస్టర్ అయి ఉంటది, దానికి డిస్పర్స్ అనే వేరే రకం రంగులే పడుతయి. రెండు ఒక్క నెమలి రంగే అయినా లోపల కలిపిన మందులు వేరు, అంటే చీటీలు వేరు. గద్వాల చీరలు నేసేటోళ్ళ కష్టం నాకు ఇక్కడనే యాదికొస్తది, ఆ చీరకు పాతకాలం నుంచి ఒళ్ళంత నూలు, అంచు కొంగు పట్టు. నూలుకు పట్టే మందు వేరు, పట్టుకు వేసే మందు వేరు, ఒక్క చీరలనే అంచు ఎరుపు ఒంటి ఎరుపు అన్ని వెలుతుర్లల్ల కలవాలంటే అద్దకమాయనకు ఎంత చెయ్యి తిరిగి ఉండాలె!

మా నాయిన చౌటుప్పల్ దిక్కు పట్టు చిలపలకు, అంటే పోగుల కట్టలకు, రంగేసేటోడు. గంగాళంల నుంచి చిలప తీసి ఒక మూల నాలుగు పోగులు గట్టిగ పిండి, వాటినే ఊదుకుంట ఆరబెట్టి, నమూనా పోగు పక్కన పెట్టుకొని దర్వాజ కాడికి పోయి నీడల నిలబడి చూసేటోడు. తడి పోగును నమ్మకపోయేది, ఎందుకంటే నీళ్ళున్నప్పుడు పోగు మీది నుంచి వెలుగు చెదిరేది తగ్గి రంగు ముదురుగ కనపడతది. దీపం పెట్టినంక ఎవరొచ్చి అడిగినా రంగు కలిపేటోడు కాదు, “పొద్దున రాండ్రి” అనేటోడు. తర్వాత నేను ల్యాబుకు పోతే అక్కడ గూడ అదే పని, కాకపోతే బూడిద రంగు పూసిన పెట్టె, లోపల స్విచ్చు నొక్కితే మారే లైట్లు. అండ్ల డీ65 అనేది పగటి వెలుతురుకు గుర్తు, 6500 కెల్విన్ దగ్గర ఉంటది (కెల్విన్ అంటే వెలుతురు రంగుకు కొలత), ‘ఏ’ అనే పేరుది పాత బల్బు వెలుతురు, 2856 కెల్విన్. ఈ కొలతలు పెట్టింది సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ, మనిషి కన్ను రంగును ఎట్ల పడుతదో అంకెలల్ల పెట్టింది గూడ వాళ్ళే, 1931ల. ఒక్క లైటు కింద కలిస్తే మేము పాస్ చెయ్యకపోయేది, కనీసం రెండు మూడిట్ల కలవాలె.

నువ్వు ఈసారి చీర వెంట తీసుకపో, ముక్కను చీర మీదనే పెట్టి దుకాణం బయట నీడల చూడు, ఎర్రెండల కాదు. తర్వాత లోపలికొచ్చి లైట్ కింద ఇంకోసారి చూడు. రెండు కాడ కలిస్తేనే కొను. పట్టుచీరకు పట్టు ముక్కనే అడుగు, పోచంపల్లి చీరల మస్తుగ జాకెట్ గుడ్డ చీరతోనే వస్తది, అదైతే ఒక్క అద్దకం కాబట్టి ఈ బాధనే ఉండదు.

ప్రశ్న: మా తాత తెల్ల పంచె ఎండల మెరుస్తది, ఇంట్ల ఎల్ఈడీ కింద జర పసుపు కొడుతది. మురికా?
– దేవరకొండ నుంచి

జవాబు: మురికి కాదు. మిల్లు తెల్లబట్టలకు, సబ్బు పొడిల గూడ ఒక మందు కలుపుతరు, అది ఎండల కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు మింగి నీలం వెలుగు ఇస్తది. మామూలు ఎల్ఈడీల ఆ కిరణాలు దాదాపు ఉండయి కాబట్టి మందు పని చెయ్యదు, గంతే.

ప్రశ్న: అక్కా, మేము పుట్టపాక దగ్గర చిటికి పని (పోగులు ముడేసి రంగులద్ది నేసుడు) చేస్తం. నీలం పక్కన నల్లరంగు పెట్టి చీరలు నేస్తే నలుపు దిగలేదు, గోధుమ కొడుతున్నదని వాపస్ వచ్చినయి. అదే నలుపు ఎరుపు తెలుపు పక్కన పెడితే ఎవ్వరు ఏమనలే. రంగు మందుల లోపమా?
– ఒక నేతన్న

జవాబు: తమ్మీ, ఇదే ఫిర్యాదు రెండు వందల ఏండ్ల కింద పారిస్‌ల గూడ వచ్చింది. అక్కడ గోబెలిన్ అనే పెద్ద నేత కార్ఖానల అద్దకం చూసుకునేటందుకు 1824ల షెవ్రాయ్ అనే కెమిస్టును పెట్టిన్రు. నలుపు సరిగ దిగుతలేదని ఆయన మీద ఫిర్యాదులు. ఆయన వేరే ఊర్ల నలుపులు తెప్పించి పక్కపక్కన పెట్టి చూస్తే తమ నలుపు ఏం తీసిపోలే. లోపం మందుల లేదు, దాని పక్కన నేసిన నీలం, ఊదా రంగుల ఉన్నది. కన్ను పక్కపక్క రంగులను ఒకదాన్నుంచి ఒకదాన్ని దూరం తోస్తది, నీలం పక్కన ఏదున్నా దానికి జర నారింజ వాసన తగులుతది, నలుపు మీద నారింజ పడితే గోధుమ లెక్క కనపడతది. 1839ల ఆయన దీని మీద పెద్ద పుస్తకమే రాసిండు.

మీ ఊరి తేలియా రుమాలునే చూడు, ఎరుపు నలుపు తెలుపు, ఆ నలుపు ఎంత గట్టిగ నిలబడ్డది! చీర వాపస్ తెచ్చినాయన ముందట ఒక తెల్ల కాయితానికి రెండు రంధ్రాలు పెట్టు, రెండు చీరల నలుపు మీద పెట్టి చుట్టుపక్కల రంగు కనపడకుంట చూపెట్టు, రెండు ఒక్కటే అని ఆయనే ఒప్పుకుంటడు. మందుకు పెట్టిన పైసలు, మీ రెక్కల కష్టం ఉత్తగనే ఎవరో కొట్టేస్తే నాకు కడుపు మండుతది. ఇగ ముందు చీరలకు నీలానికి నలుపుకు మధ్యల సన్నగ ఒక తెల్ల గీత రానియ్యి, లేకపోతే అద్దేటప్పుడే నలుపుల జర నీలం కలుపు.

ప్రశ్న: బతుకమ్మ ఆడుతుంటే పొద్దుగూకంగనే మా ఎర్ర చీరలు నల్లగ అయితయి, నీలం చీరలోళ్ళు మాత్రం మంచిగ కనపడతరు. ఎందుకక్కా?
– నారాయణపేట నుంచి ముగ్గురు దోస్తులు

జవాబు: పిల్లలూ, మంచిగ గమనించిన్రు. వెలుతురు తగ్గినకొద్ది రంగు చూసే కణాలు ఆగుతయి, చీకట్ల చూసే ఇంకో రకం కణాలు పని మొదలువెడతయి. వాటికి ఎరుపు దాదాపు అందదు, నీలం ఆకుపచ్చ దిక్కు మంచిగ అందుతది. పుర్కిన్యే అనే చెక్ సైంటిస్టు పందొమ్మిదో శతాబ్దంల పూల రంగులు మసక వెలుతుర్ల మారుడు చూసే దీన్ని పట్టిండు, మీరు గూడ పూల చుట్టు తిరుగుకుంటనే పట్టిన్రు కదా! గునుగు పువ్వుకు రంగులద్దేటప్పుడు ఎరుపు వరుస పక్కన అద్దని తెల్ల గునుగు ఒక వరుస, దాని మీద తంగేడు పేర్చండ్రి, లైట్లు వేసేదాక బతుకమ్మ మంచిగ కనపడతది.