ఒకే పాఠం అందరికీ అందేదెలా?

ప్రశ్న: బోరబండలోని ఒక ప్రాథమిక పాఠశాలలో అయిదో తరగతికి బోధిస్తున్నాను. తరగతిలో 34 మంది ఉన్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు కొందరు, తెలుగు వాక్యాన్ని ఇంకా కూడబలుక్కుని చదివేవారు కొందరు. ముగ్గురు మాత్రం నేను బోర్డు మీద లెక్క రాయడం పూర్తయ్యేలోపే జవాబు చెప్పేస్తారు. ఒక అబ్బాయి నోటితో అడిగితే చక్కగా చెబుతాడు, రాయమంటే కడుపునొప్పి అంటాడు. ఇంతమందికి వేరువేరు పాఠాలు తయారు చేయడం సాధ్యమేనా?
– ఒక ఉపాధ్యాయురాలు, హైదరాబాద్

జవాబు: 34 పాఠాలు ఎవరూ తయారు చేయలేరు, చేయనక్కరలేదు కూడా. పాఠం ఒక్కటే ఉండనివ్వండి. దాన్ని అందుకునే దారిని, నేర్చుకున్నది చూపే దారిని పిల్లలను బట్టి మార్చండి.

భిన్నాల పాఠమే తీసుకుందాం. అందరికీ తలా ఒక కాగితపు పట్టీ ఇచ్చి, నాలుగు సమాన భాగాలుగా మడిచి, మూడింటికి రంగు వేయమనండి. చదవడం కష్టమైనవారు పట్టీని చూపిస్తూ నోటితో చెబుతారు, మిగిలినవారు 3/4 అని రాస్తారు. తొందరగా ముగించిన ముగ్గురికి అలాంటివే మరో పది లెక్కలు ఇవ్వకండి, అది వారికి శిక్షలా ఉంటుంది. అదే పట్టీని ఇంకోసారి సగానికి మడిచి చూడమనండి. రంగు వేసిన భాగాలు ఆరు, మొత్తం ఎనిమిది అయినా రంగు మాత్రం పెరగలేదెందుకని అడగండి. ఉర్దూ పిల్లలను పావ్, ఆధా, పౌన్ అని వారి మాటల్లోనే చెప్పనివ్వండి. కిరాణా కొట్టులో వినే పావు, అర, ముప్పావులతో వాటిని జత చేస్తే తెలుగు పిల్లలకూ కొత్త మాటలు తెలుస్తాయి.

జట్లు ఏడాదంతా అవే ఉండకూడదు. లెక్కల్లో తడబడే అమ్మాయి కథ చెప్పడంలో అందరికంటే ముందుండవచ్చు. శాశ్వతంగా వెనక కూర్చోబెడితే ఆ సంగతి మనకు ఎన్నటికీ తెలియదు.

ఇక ఆ అబ్బాయి విషయంలో ఆలస్యం చేయకండి. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. ఆ తర్వాత రెండు వారాల పాటు అతని నోటుపుస్తకాన్ని శ్రద్ధగా గమనించండి: ‘పుస్తకం’లో ఒత్తు వదిలేస్తున్నాడా, ప–ష తారుమారు అవుతున్నాయా, బోర్డు చూసి రాసేటప్పుడు వరుస తప్పుతున్నాడా. ఇవి తరచూ కనిపిస్తే చదవడానికి సంబంధించిన డిస్లెక్సియా గాని, రాతకు సంబంధించిన డిస్‌గ్రాఫియా గాని ఉండవచ్చు. అది తేల్చవలసింది నిపుణులే కాబట్టి మీరు రాసుకున్న పరిశీలనలతో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే సమీపంలోని భవిత కేంద్రం ప్రత్యేక ఉపాధ్యాయులను సంప్రదించండి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాలలో ఇలాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. వాటిని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించడాన్ని ఆ చట్టం విద్యాసంస్థల బాధ్యతగా చెప్పింది. పరీక్షలో అదనపు సమయం, జవాబులు రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటి వెసులుబాట్లనూ అందులో పేర్కొన్నారు.

అతని తల్లిని పిలిపించినప్పుడు మొదట ఆమె ఎదుట నాలుగు ప్రశ్నలు అడిగి అబ్బాయి చేత నోటితో జవాబులు చెప్పించండి. రాత సంగతి ఆ తర్వాత మాట్లాడవచ్చు.