ఏడాది నిండిన కారు గురించి మేనకోడలికి ఉత్తరం

విజయవాడ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలిని మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ అల్లుడుగారు, మీ అత్తగారు, బాబు క్షేమమని తలుస్తాను.

మొన్న ఫోనులో మాటల మధ్య నీవు, "కారు కొని ఏడాది కావస్తోంది మామయ్యా, ఉచిత సర్వీసులు మూడూ అయిపోయాయి, ఇక దాని గురించి ఆలోచించే పని లేదు" అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు మనసు నిలవలేదు. కారు గురించి ఆలోచించవలసిన కాలం సరిగ్గా ఇప్పుడే మొదలవుతుంది. మొదటి ఏడాది వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి, ఐదు వేలకు ఒకసారి, పది వేలకు ఒకసారి షోరూము వాళ్లే ఫోను చేసి పిలిపించి బండిని చూశారు. ఇకపై పది వేల కిలోమీటర్లకో ఏడాదికో ఒక్కసారి చూస్తారు. మిగిలిన రోజులన్నీ దాన్ని కనిపెట్టి ఉండవలసినది నీవే. నేను పాత మారుతి 800తో మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లకు పైగా చిన్న కార్లే నడిపాను. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నదీ నీవు కొన్న 1.2 లీటర్ల ఇంజిను వ్యాగన్ఆరే కనుక నీ బండిని కళ్లెదుట పెట్టుకొని రాస్తున్నాననుకో.

అన్నిటికంటే ముందు ఇన్సూరెన్సు సంగతి చూడు, ఎందుకంటే దానికి గడువుంది. పాలసీ మూడేళ్లకు కట్టేశామని నీవన్నావు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారు కొనేవారు సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సును మూడేళ్లకు ఒకేసారి తీసుకోవాలి. నీకు కాగితం మీద కనిపిస్తున్న మూడేళ్ల గడువు దానిది. అది నీ కారు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే పనికివస్తుంది. నీ బండికి దెబ్బ తగిలినా, దొంగలు ఎత్తుకుపోయినా, నీళ్లలో మునిగినా డబ్బిచ్చే ఓన్ డ్యామేజీ భాగం సాధారణంగా ఒక్క ఏడాదికే ఇస్తారు. ఆ ఏడాది పూర్తయిన అర్ధరాత్రితో అది ముగిసిపోతుంది. ఇది తెలియక, మూడేళ్ల ధీమాతో తిరిగి, తీరా బంపరు పగిలాక కాగితాలు తిరగేసుకున్నవారిని నేను చూశాను. కాబట్టి ఈ రోజే ఆ కాగితం తీసి, రెండు తేదీలూ విడివిడిగా చదువు.

ఈ ఏడాదిలో క్లెయిము ఏదీ చేయలేదు కనుక ఓన్ డ్యామేజీ ప్రీమియంలో నీకు ఇరవై శాతం తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్ అంటారు, అది వస్తుంది. ఏటా ఇలాగే సాగితే అది 25, 35, 45, చివరకు 50 శాతం దాకా పెరుగుతుంది. గడువు దాటాక తొంభై రోజుల్లోపు కూడా రెన్యూవల్ చేయకపోతే ఈ బోనస్ మొత్తం పోతుంది. సెల్లారులో స్తంభానికి రాసుకొని వెనక బంపరు మీద పడిన గీతను క్లెయిములో బాగు చేయించమంటావా అని అడిగావు. ముందు డెంటింగు, పెయింటింగు చేసేవాళ్లను ఖర్చు అడుగు. పోగొట్టుకొనే బోనస్ కంటే అది తక్కువైతే చేతి డబ్బుతో చేయించుకో, లేదా ఆ గీతను అలాగే ఉండనివ్వు. ప్లాస్టిక్ బంపరు తుప్పు పట్టదు.

రెన్యూవల్‌లో ఒక్కటి మాత్రం అడిగి వేయించుకో. ఇంజిన్ ప్రొటెక్షన్ కవరు, అంటే నీళ్లు చేరి పాడైన ఇంజినుకు ఖర్చిచ్చే అదనపు భాగం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లన్నీ నీళ్లలో ఉన్న రోజుల్లో నా కారు అక్కడే, మా స్నేహితుడి ఇంటి ముందు, సీట్ల దాకా మునిగి ఉంది. నీళ్లు తీశాక నేను దాని తాళం చేతిలోకే తీసుకోలేదు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించి, తాడు కట్టి లాగించి, వర్క్‌షాపుకు చేర్చాను. సీట్లు, తివాచీ, వైరింగు చాలా వరకు మార్చవలసి వచ్చినా ఇంజిను దక్కింది. ఆ వీధిలోనే ఇంకొక కుర్రవాడు పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక్కసారి తాళం తిప్పాడు. సిలిండరులోకి చేరిన నీరు గాలిలా నలగదు, పిస్టను దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అతని ఇంజినుకు అదే జరిగింది. మునిగిన బండిని స్టార్టు చేయడం వల్ల వచ్చిన నష్టమని చెప్పి ఇన్సూరెన్సు కంపెనీ ఆ ఖర్చు ఇవ్వలేదు. మామూలు పాలసీలో దానికి చోటు లేదు. మీ హైదరాబాదులో గంట వానకే అండర్‌పాసులు నిండుతాయి కదా, నీ ముందు పోయే బండి టైరులో సగానికి మించి మునుగుతున్నట్టు కనిపిస్తే వెనక్కి తిరుగు. నీళ్ల మధ్యలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయాలని చూడకుండా దిగి తోయించు. ఆలస్యమైనా పరవాలేదు తల్లీ.

ఏడాది నిండగానే పొల్యూషన్ సర్టిఫికెట్టు కూడా తీసుకో. బంకు దగ్గర పది నిమిషాల పని.

ఇక బండిని చూడటం అంటే ఏమిటో చెబుతాను. ఆదివారం ఉదయం, ఇంజిను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట బానెట్ ఎత్తు. ఇంజినాయిల్ కొలిచే పుల్ల బయటకు లాగి, పాత నూలుగుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్లీ చివరిదాకా దించి, తీసి చూడు. తడి అంచు రెండు గుర్తుల మధ్య ఉండాలి. నూనె నల్లబడిందని భయపడకు, మసిని తనలో పట్టుకోవడం దాని పని. కింది గుర్తు కంటే దిగితే మాత్రం ఆ రోజే పోయించాలి. తెల్లటి డబ్బాలో కూలెంట్ కూడా అంతే, రెండు గీతల మధ్య ఉండాలి, తగ్గితే కుళాయి నీళ్లు పోయవద్దు. నెలనెలా తగ్గుతూ ఉంటే ఎక్కడో కారుతోందని అర్థం. వేడిగా ఉన్నప్పుడు ఏ మూతా విప్పకు. అద్దం కింద వైపర్ల దగ్గర ఇరుక్కున్న ఎండుటాకులు చేత్తో తీసెయ్యి, లేకపోతే వానాకాలంలో నీరు పోయే దారి మూసుకుపోతుంది.

టైర్లలో గాలి పదిహేను రోజులకు ఒకసారి, బండి కదిలి రెండు మూడు కిలోమీటర్లు దాటకముందే కొట్టించు. దూరం నడిచి వచ్చిన టైరులో వేడికి గాలి ఉబ్బి కొలత ఎక్కువ చూపిస్తుంది, అది చూసి బంకు కుర్రవాడు గాలి తీసేస్తాడు. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది, అతనిని అడగనవసరం లేదు. నిండా మనుషులతో వెళ్లేటప్పుడు ఎంత ఉండాలో కూడా అక్కడే చూసుకో. స్టెప్నీని మరిచిపోవద్దు. కొన్న రోజు నుంచి దాని ముఖం చూడనివారే ఎక్కువ.

ఇంటి నుంచే పని చేసే రోజుల్లో కారు కదలదని చెప్పావు. కారుకు తిరగడం కంటే నిలబడటమే ఎక్కువ చేటు. బాబును బడిలో దింపి వచ్చే రెండు కిలోమీటర్లలో, స్టార్టు చేయడానికి వాడిన కరెంటు కూడా బ్యాటరీకి తిరిగి చేరదు. వారానికి ఒకసారైనా అరగంట ఆగకుండా రింగు రోడ్డు మీద నడుపు. పైగా నిలబడిన బండిలో ఎలుకలు కాపురం పెడతాయి. మూడేళ్ల క్రితం ఒక ఉదయం నేను బానెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన కొబ్బరి పీచు, పల్లీ తొక్కలు, ఇడ్లీ పొట్లం కాగితం ముక్కలతో చక్కగా కట్టిన గూడు, దాని పక్కనే కొరికేసిన రెండు తీగలు కనిపించాయి. అప్పటి నుంచి రెండు కాడల పొగాకు గుడ్డలో కట్టి బానెట్ కింద వేలాడదీస్తున్నాను, వాసన పోగానే మారుస్తాను. బండిలో బిస్కెట్టు ముక్క కూడా రాలనివ్వను. మీ ఇంట్లో చిన్నపిల్లవాడు ఉన్నాడు కనుక వెనక సీటు సందులు నీవు మరీ జాగ్రత్తగా దులపాలి.

మైలేజీ గురించి నీకున్న దిగులు అనవసరం. కంపెనీ చెప్పిన లీటరుకు 23.56 కిలోమీటర్లు ప్రయోగశాలలో వచ్చిన లెక్క. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఏసీ వేసుకొని ఆగుతూ కదులుతూ పోయే బండికి పద్నాలుగో పదిహేనో వస్తే అందులో వింత లేదు. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం కలిసే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, దాని వల్ల కూడా కొంత తగ్గుతుంది. డ్యాష్‌బోర్డు అంకెను నమ్మకుండా నీవే కొలుచుకో. పంపు తనంతట తాను ఆగేదాకా ట్యాంకు నింపించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, తర్వాత అదే బంకులో అలాగే నింపించు. 412 కిలోమీటర్లకు 27.4 లీటర్లు పడితే లీటరుకు పదిహేను. ఆ అంకెను చిన్న పుస్తకంలో రాసుకుంటూ పోతే, ఒక నెలలో ఉన్నట్టుండి పడిపోయినప్పుడు టైర్ల గాలో, ఎయిర్ ఫిల్టరో, పట్టేసిన బ్రేకో అని వెంటనే అనుమానం వస్తుంది. నాకు ఆ పుస్తకమే సగం మెకానిక్కు. ట్రాఫిక్‌లో నీ ఎడమకాలు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంటుందని అల్లుడుగారు చెప్పారు. సిగ్నలు దగ్గర న్యూట్రల్ చేసి కాలు తీసెయ్యి, ఎత్తు మీద బండిని హాఫ్ క్లచ్‌తో నిలబెట్టకుండా హ్యాండ్ బ్రేకు వాడు.

డబ్బు కట్టి చేయించే సర్వీసుకు వెళ్లినప్పుడు జాబ్ కార్డు మీద సంతకం చేసే ముందు ప్రతి వరుసా చదువు. నా రెండో ఏడాది సర్వీసులో ఇంజిన్ ఫ్లషింగు, థ్రాటిల్ క్లీనింగు, ఏసీ శుద్ధి, పెయింటు మీద కోటింగు అని కలిపి అసలు సర్వీసుకు దాదాపు రెట్టింపు చేశారు, నేను ఆ రోజు తొందరలో సంతకం పెట్టాను. మాన్యువల్ పుస్తకంలో ఆ కిలోమీటర్ల ఎదురుగా ఏమి రాసి ఉందో అది చేయించు, మిగతావి ఎందుకు అవసరమో బండి దగ్గరకు తీసుకువెళ్లి చూపించమను. ఏసీ ఫిల్టరు ఒక్కటి మాత్రం మీ ఊరి దుమ్ముకు నిజంగానే నిండిపోతుంది, దాన్ని కాదనవద్దు.

వచ్చే నెల ఐదుగురూ తిరుమల వెళుతున్నారు కదా. ఎత్తుగా కూర్చునే బండి కనుక మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారికి ఎక్కడం, దిగడం సుఖంగా ఉంటుంది. సామాను డిక్కీలో సీటు ఎత్తు దాటనివ్వకు, దాని పైన ఉన్న పలక మీద ఏమీ పెట్టకు, గట్టిగా బ్రేకు వేస్తే అవి వెనక కూర్చున్నవారి తలకు తగులుతాయి. బాబును ఎంత మారాం చేసినా ముందు సీటులో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే బిడ్డ దానికీ మనిషికీ మధ్య నలిగిపోతాడు. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి ఇంజినునే బండిని పట్టుకోనివ్వు. ఎడతెగకుండా బ్రేకు తొక్కితే కాలిన వాసన వస్తుంది, ఆపైన పెడలు ఎంత నొక్కినా పట్టదు. వాసన వస్తే భద్రమైన చోట ఆపి అరగంట చల్లారనివ్వు.

వెళ్లే ముందు ఒక ఆదివారం ఇటు రండి. జాకీ, స్పానరు బయటకు తీసి స్టెప్నీ మార్చడం నీ చేతే చేయిస్తాను. నట్లు మొదటిసారి చాలా బిగుసుకొని ఉంటాయి, కాలితో తొక్కవలసి రావచ్చు, చెప్పులు కాకుండా బూట్లు వేసుకొని రా. పాలసీ కాగితాలు కూడా వెంట తెచ్చుకో.

ఇట్లు,
మీ మామయ్య