గోడ వంకర గోడకే వదిలెయ్

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఆ వంకర గోడ మీద ప్లాస్టర్‌బోర్డు (రెండు కాగితాల మధ్య జిప్సం ఉన్న పలక) తిన్నగా ఎలా బిగించాలని అడిగావు. లెస్టర్‌లో మేం కొన్న మొదటి ఇల్లూ అచ్చం ఇలాంటిదే. విక్టోరియా రాణి కాలపు వరసిళ్లలో ఒకటి, పాత గార ఊడగొట్టేసరికి లోపల ఇటుకలు ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ. నీది పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడ కాబట్టి వాన తడి భయం తక్కువే. అయినా పొయ్యి గూటి పక్కన ఆ గోధుమరంగు మరక ఉందే, దాని సంగతి తేలేదాకా బోర్డు కొనకు. చిమ్నీలోంచి నీళ్లు దిగుతున్నాయేమో ముందు కప్పు బాగుచేసేవాణ్ణి ఎక్కించి చూపించు.

మొదటి రోజంతా కొలతలే పెట్టుకో. దారం, రసమట్టం, రెండు మీటర్ల తిన్నని అల్యూమినియం పట్టీ చాలు. నువ్వు గుంటల గురించి బెంగపడుతున్నావు గానీ, వెతకాల్సింది అన్నిటికన్నా ముందుకు పొడుచుకొచ్చిన ఇటుకని. అదొక్కటే గది ఎంత తగ్గాలో తేల్చేది. దాని మూల ఉలితో కాస్త చెక్కగలిగితే చెక్కు, ఆ మేరకు గది మిగులుతుంది.

ఇక్కడివాళ్లు ఎక్కువగా జిగురు ముద్దలు పెట్టి బోర్డు నొక్కేస్తారు. గోడ కాస్త అటూ ఇటూగా ఉంటే అది మంచి పద్ధతే. నీ గోడ కిటికీ వైపు 35 మి.మీ. లోపలికి పోయిందన్నావు, అక్కడ ముద్దలతో పని జరగదు. నేను చేసి చూశాను. అంతకన్నా కాస్త ఎక్కువ గుంటలో ముద్ద మీద ముద్ద వేసి నొక్కి, హాయిగా పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే బోర్డు కిందికి జారి ఉంది, తడితే డప్పు మోత. ఊడబెరికితే ముద్దలు పైన గట్టిపడి లోపల పెరుగువడల్లా మెత్తగా ఉన్నాయి.

కాబట్టి నువ్వు చెక్క పట్టీలు కొట్టించు. మందు పట్టించిన 50×25 మి.మీ. పట్టీలు, నిలువుగా, మధ్య నుంచి మధ్యకి 400 మి.మీ. దూరంలో. 1200 మి.మీ. బోర్డు అంచులు అప్పుడు సరిగ్గా పట్టీ నడిమీదే పడతాయి. ఆ పొడుచుకొచ్చిన ఇటుక ముఖం నుంచి 25 మి.మీ. ఇవతలికి నేల మీద గీత కొట్టు, తూకం గుండు వేలాడదీసి అదే గీతని సీలింగ్‌కి ఎక్కించు. ప్రతి పట్టీ ముఖమూ ఆ గీతకే రావాలి. వెనక మిగిలిన సందులో ప్లాస్టిక్ ప్యాకర్లు, అంటే సందు నింపే పలచని బిళ్లలు, దూర్చు.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. స్క్రూ ప్యాకర్ ఉన్న చోటే బిగించాలి. ఖాళీ మీద బిగిస్తే పట్టీ విల్లులా లోపలికి వంగిపోతుంది, పొద్దుటి నుంచీ పడ్డ శ్రమంతా ఆ ఒక్క తిప్పుతో పోతుంది. బిగించిన ప్రతిసారీ అల్యూమినియం పట్టీ ఆనించి చూడు. బెజ్జం ఇటుకలోనే వెయ్యి, పాత సున్నం అతుకులో వేస్తే స్క్రూని పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గు పొడితో సహా ఊడొస్తుంది.

ఆ తర్వాత పని తేలిక. 12.5 మి.మీ. బోర్డుని కొలతకి కొయ్యాలంటే పైకాగితం కత్తితో కోసి, వెనక్కి విరిచి, వెనక కాగితం కొయ్యి. ఒక్కొక్కటీ ఇరవై కిలోల పైమాటే, మీ ఆయన్ని సాయం పట్టమను. నేలకీ బోర్డుకీ మధ్య వేలెడు సందు ఉంచు. 38 మి.మీ. స్క్రూలు 300 మి.మీ.కి ఒకటి, తల కాగితం లోపలికి కాస్త నొక్కుకోవాలి గానీ కాగితం చిరగకూడదు. చిరిగితే ఆ స్క్రూ లెక్కలోకి రాదు, పక్కన ఇంకోటి వెయ్యి. స్విచ్చు పెట్టెలు ముందుకు జరపడం ఎలక్ట్రీషియన్ పని, నువ్వు చెయ్యి పెట్టకు.

టీవీ, పుస్తకాల అర ఎక్కడ పెడతావో ఇప్పుడే తేల్చుకుని, ఆ ఎత్తులో పట్టీల మధ్య అడ్డచెక్కలు వేయించు. బోర్డు మూసేముందు కొలత టేపు ఆనించి ఫోటో తియ్యి. నేను తియ్యలేదు. ఆ చెక్క కోసం ఏడు బెజ్జాలు వేశాను, వాటి మీద మీ అత్తయ్య పెట్టిన క్యాలెండరు ఇప్పటికీ అక్కడే ఉంది.

మీ మావయ్య