నిజం చెప్పండి, దాంతో పాటు పెళ్ళి మాట ఎత్తకండి

ప్రశ్న: మాది రాజోలు వైపు ఒక ఊరు. నాకు 28 ఏళ్ళు. 2017లో మా రొయ్యల చెరువు మీద కాపలా ఉండే ఆయన తెల్లవారుజామున ఏరేటర్ (నీళ్ళలో గాలి కలిపే యంత్రం) దగ్గర కరెంటు షాక్ కొట్టి చనిపోయారు. తీగ అతుకు ఊడుతోందని ఆయన ముందే చెప్పారు. రొయ్యల పట్టుబడి అయ్యాక మారుద్దాంలే అన్నారు నాన్న. నాన్న చెప్పినట్టే నేనూ ఒక చెయ్యి వేసి, ఆయన్ని మురుగుకాలువ దగ్గరకు చేర్చాం. తాగి కాలువలో పడ్డాడని ఊరంతా నమ్మింది. పోలీసుల దాకా పోకుండా పెద్దమనుషులు సర్దేశారు. నాన్న ఆ చనిపోయినాయన ఇంటివాళ్ళకు లక్ష రూపాయలు ఇచ్చి, వాళ్ళమ్మాయి నర్సింగ్ చదువుకు ఫీజు కట్టారు. ఆ అమ్మాయీ నేనూ ప్రేమించుకున్నాం. ఆమెకు ఏమీ తెలియదు. పక్షవాతంతో మంచాన పడ్డ నాన్నకు ఇంజెక్షన్లు కూడా ఆమే చేస్తోంది. అమ్మ అందరి ముందూ కులం పేరు చెప్పి పెళ్ళి వద్దంటుంది. నాతో మాత్రం ‘వాళ్ళ ఉసురు ఇంట్లోకి తెచ్చుకుంటావా’ అంటుంది. ఆమెను పెళ్ళి చేసుకుని జీవితాంతం బాగా చూసుకుంటే ఈ పాపం తీరుతుందేమో అనిపిస్తోంది. చెప్పాలా, చెప్పకుండా చేసుకోవాలా? నిద్ర పట్టడం లేదు. ఒక్కోసారి గోదావరి వంతెన మీద బండి ఆపి అలాగే నిలబడిపోతున్నాను.
– పేరు వద్దు

సలహా: ముందు ఆ వంతెన సంగతి. అక్కడ నిలబడ్డప్పుడు చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? వస్తుంటే ఈ ఉత్తరం మిగతాది తర్వాత చదవండి. టెలీమానస్ 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. కొన్నాళ్ళు రాత్రిపూట ఒంటరిగా బండి తీయకండి. మీకు నమ్మకమైన ఒక స్నేహితుడికి కనీసం ‘నేను బాగాలేను, నాతో ఉండు’ అని చెప్పండి. కారణం ఇప్పుడే చెప్పనక్కర్లేదు. మీరు బతికి ఉండటం ఆ తల్లీకూతుళ్ళకు కూడా అవసరం. ఆ తెల్లవారుజామున ఏం జరిగిందో చెప్పగలిగే స్థితిలో ఉన్నది బహుశా మీరొక్కరే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టినది ఆయన చావు కన్నా ఆ ‘తాగి పడ్డాడు’ అనే మాట. తెల్లవారే ముందు చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఆ వేళ ఏరేటర్ ఆగితే రొయ్యంతా తేలిపోతుందని మీ ఊళ్ళో పిల్లవాడికి కూడా తెలుసు. కాబట్టి ఆయన ఆ చీకట్లో, తడి గట్టు మీద, అతుకు బాగాలేదని తెలిసి కూడా మీ పంట కాపాడటానికే వెళ్ళి ఉంటారు. అలాంటి మనిషిని ఊరు తాగుబోతుగా గుర్తుపెట్టుకుంది. ఆయన భార్య ఇన్నేళ్ళూ ఆ మాట పడింది. ‘పిల్లని చూసుకోకుండా తాగి పోయాడు’ అని ఆయన మీద కోపం పెట్టుకుని కూడా ఉండొచ్చు. మీ నాన్నగారి లక్ష రూపాయలు ఆ ఇంట్లో బియ్యం కొని ఉంటాయి, ఫీజు డబ్బు చదువు చెప్పించింది. పోయిన పేరు మాత్రం ఇంకా అలాగే ఉంది. దాన్ని తిరిగి ఇవ్వాలంటే నిజం చెప్పడం తప్ప దారి లేదు.

అందుకే మీ ప్రశ్నకు నా జవాబు: చెప్పాలి. పెళ్ళి జరుగుతుందా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. రేపు ఆమె మరొకరిని చేసుకున్నా ఈ నిజం ఆమెది, ఆమె తల్లిది.

పెళ్ళితో పాపం తీరుతుందన్న ఆలోచనను దయచేసి వదిలేయండి. ఆమె తెలియకుండానే మీ బాకీ వసూలు చేసుకునే మనిషి అవుతుంది. మీరు ఆమెకు పెట్టే ప్రతి ముద్ద మీ మనసులో ఏదో ఒక లెక్కకు జమ పడుతుంది. ఇవాళ కాకపోతే పదేళ్ళకు, మీ అమ్మగారి నోటి నుంచో ఆ పెద్దమనుషుల్లో ఒకరి నుంచో విషయం బయటపడుతుంది. అప్పటికి ఆమె ఒళ్ళో పిల్లలుంటారు, కాదనే దారి ఉండదు. మీ ప్రేమను నేను అబద్ధం అనడం లేదు. కానీ ఇప్పుడు ఆమె ప్రేమిస్తున్నది మీలో సగం మనిషినే.

రేపటి నుంచే ఆపవలసినది ఒకటుంది. మీ నాన్నగారికి ఆమె చేత సేవ చేయించుకోకండి. ఆ ఇంజెక్షన్లకు పీహెచ్‌సీ వాళ్ళనో వేరే నర్సునో పెట్టుకోండి. ఏమీ తెలియకుండా ఆమె ఆయన చెయ్యి పట్టుకున్న ప్రతి రోజూ, నిజం తెలిశాక ఆమెను ఇంకా ఎక్కువ కోస్తుంది.

తర్వాత, ఆమెకు చెప్పే ముందు మీరు మీ కోసం ఒక క్రిమినల్ న్యాయవాదిని కలవండి. 2017 నాటి సంగతి కాబట్టి పాత శిక్షాస్మృతి ఐపీసీయే వర్తిస్తుంది. నిర్లక్ష్యం వల్ల మరణానికి 304ఎ సెక్షన్ కింద రెండేళ్ళ వరకూ శిక్ష ఉంది. అలాంటి కేసును కోర్టు తీసుకోవడానికి మామూలుగా మూడేళ్ళే గడువు, అయితే న్యాయం కోసం అవసరమనుకుంటే కోర్టు ఆ ఆలస్యాన్ని పక్కన పెట్టవచ్చు. శవాన్ని జరపడం, సాక్ష్యం మాయం చెయ్యడం వేరే విషయం. అందులో మీ చెయ్యీ ఉంది. మీకు ఏం రావచ్చో ముందే తెలుసుకుని వెళ్ళండి. కేసు భయంతో మధ్యలో మాట మారిస్తే వాళ్ళకు రెండోసారి అన్యాయం చేసినట్టవుతుంది.

వాళ్ళ హక్కులు కూడా వాళ్ళకు తెలియాలి. ఆయన పోయినప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం, పనిలో మరణిస్తే పరిహారాన్ని ఆ చట్టం కింద పరిహారం తేల్చే కమిషనర్ దగ్గర జమ చెయ్యాలి. యజమాని నేరుగా చేతిలో పెట్టిన డబ్బును మామూలుగా పరిహారంగా లెక్కించరు. దావాకు రెండేళ్ళ గడువున్నా, తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే వీలు ఆ చట్టంలోనే ఉంది. ఎలా చనిపోయారో వాళ్ళకు తెలియకుండా దాచడం కన్నా పెద్ద కారణం ఏముంటుంది? మీ చెరువు పనికి అది ఎలా వర్తిస్తుందో వాళ్ళ న్యాయవాది చూస్తారు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. రాజోలు కోర్టులో మండల న్యాయ సేవాధికార సంస్థను గానీ, 15100 నంబరును గానీ అడగవచ్చు. ఈ వివరాలు కాగితం మీద రాసి వాళ్ళకు ఇవ్వండి. వాళ్ళ న్యాయవాదిని మీరు ఎంచకండి.

అమ్మానాన్నలకు చెప్పండి, అనుమతి మాత్రం అడగకండి. మీ అమ్మగారు కులాన్ని అడ్డు పెట్టడం నన్ను బాధపెట్టింది. అసలు భయాన్ని చెప్పుకోలేక, ఏ తప్పూ లేని ఆ కుటుంబాన్నే మళ్ళీ తక్కువ చేస్తున్నారు. ఆ మాట మీరు నెమ్మదిగానే, కానీ స్పష్టంగా ఆవిడతో అనాలి. నాన్నగారికి మాట వస్తుంటే, తన నోటితో చెప్పే అవకాశం ఆయనకు ఇవ్వండి. వద్దంటే మీరే చెప్పండి.

చెప్పేటప్పుడు కాలువ గట్టు మీదో హోటల్లోనో వద్దు. తల్లీకూతుళ్ళిద్దరూ ఉండగా, వాళ్ళ ఇంట్లో, వాళ్ళకు తోడుగా వాళ్ళ మనిషి ఒకరు ఉండేలా చూసి చెప్పండి. మొదట ఆయన తాగలేదని చెప్పండి. తీగ సంగతి ఆయన ముందే హెచ్చరించారని చెప్పండి. నాన్న ఏం చేశారో, మీరు ఏం చేశారో వరసగా చెప్పండి. ‘చిన్నవాణ్ణి, భయపడ్డాను’ అన్నది నిజమే కావచ్చు, కానీ వాళ్ళు అడిగితేనే అనండి. ఏడ్చి వాళ్ళ చేత ఓదార్పించుకోకండి. క్షమించమని అడగకండి, ప్రేమ ఊసు ఎత్తకండి. పెద్దమనుషుల ముందు కూడా ఇదే చెప్పడానికి సిద్ధమని అనండి. ఊళ్ళో వేసిన మచ్చ ఊళ్ళోనే తుడవాలి.

ఇంకోమాట. మీ చెరువుల మీద ఎర్తింగ్, కరెంటు లీకైతే ట్రిప్పయ్యే బ్రేకర్లు ఉన్నాయా? లేకపోతే ఈ వారమే పెట్టించండి. అక్కడ ఇప్పుడు కాపలా ఉన్నవాళ్ళకూ పిల్లలున్నారు.

ఆమె మిమ్మల్ని వదిలేసే అవకాశమే ఎక్కువ. అది మీకు ముందే తెలియాలి కాబట్టి చెబుతున్నాను. వెళ్ళిపోతే ఫోన్లు చెయ్యకండి, హాస్పిటల్ దగ్గర కాపు కాయకండి, స్నేహితులతో కబురు పంపకండి. కేసు వేస్తే సాక్ష్యం చెప్పండి. ఏదో ఒక రోజు తనంతట తాను మాట్లాడితే, ఆమె అడిగినదానికి జవాబు చెప్పండి.